ఏడవాలంటే ఏది మేలు: సినిమానా, సిరీసా, పుస్తకమా?

ఒక్క రాత్రిలో తనివితీరా ఏడవాలంటే సినిమా. రోజుల తరబడి గుండెలో బరువు నిలవాలంటే పుస్తకం. సిరీస్‌ది మూడో స్థానమే, ఎందుకో కింద చెబుతాం.

కథలో ఎవరో పోయినంత మాత్రాన కన్నీళ్ళు రావు. ఆ మనిషితో మనకు కొంత సహవాసం ఉండాలి. దానికి సినిమాకు దొరికేది రెండు గంటలే కాబట్టి ముఖాన్నీ సంగీతాన్నీ మౌనాన్నీ గట్టిగా వాడుకుంటుంది. 'అప్' (2009) అనే యానిమేషన్ సినిమా మొదట్లో ఓ దంపతుల కాపురమంతా నాలుగైదు నిమిషాల్లో, మాటల్లేకుండా గడిచిపోతుంది. హుషారుగా మొదలైన బాణీయే చివరికి పియానో మీద మెల్లగా వినిపిస్తుంది. కళ్ళు తడిసేది అక్కడే. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1995లో ప్రయోగాలకు పనికొచ్చే సినిమా ముక్కల జాబితా ప్రచురించారు. అందులో దుఃఖం కోసం ఎంచుకున్నవాటిలో 'ది ఛాంప్' (1979)లో తండ్రి చనిపోయే ఘట్టం ఒకటి. నిడివి మూడు నిమిషాల లోపే. ముందు కథ తెలియనివాళ్ళను కూడా అది కదిలిస్తుంది. నవల్లోంచి రెండు పేజీలు చించి చేతికిస్తే అంత పని జరగదు.

అయితే సినిమాను చెడగొట్టుకోవడం చాలా తేలిక. 1.5 రెట్ల వేగంతో చూస్తే ముందు పోయేది మౌనం. సబ్‌టైటిల్ కొన్నిసార్లు నటుడి నోటికంటే ముందే తెర మీదకు వస్తుంది, చావు కబురు మనం చదివేశాక అతను చెబుతాడు. అలాగని డబ్బింగ్ మేలనుకోవద్దు, మూల నటుడి గొంతులోని వణుకు అందులో నిలవడం అరుదు. అన్నిటికంటే పెద్ద శత్రువు ఆటోప్లే. పేర్లు పడుతుండగానే పక్క సినిమా ప్రకటన మొదలైతే వస్తున్న ఏడుపు కాస్తా వెనక్కి పోతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ముందే ఆపేయండి.

సిరీస్‌కు సహవాసం పుష్కలం. కానీ దాని బలం ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ మధ్య ఎదురుచూపులో ఉంది. ఇంగ్లిష్ రచయిత చార్లెస్ డికెన్స్ 1840–41లో 'ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్' నవలను వారం వారం పత్రికలో రాస్తున్నప్పుడు, అందులోని చిన్నపిల్ల నెల్ బతుకుతుందా లేదా అని పాఠకులు తల్లడిల్లారు. పది ఎపిసోడ్లూ ఒకే రోజు చూసేవాళ్ళకు ఆ తల్లడింపు ఉండదు, ఆఖరి ఎపిసోడ్‌కు మిగిలేది అలసటే. పైగా చనిపోయిన పాత్రను తర్వాతి సీజన్‌లో లేపి కూర్చోబెట్టారా, అంతవరకూ కార్చిన కన్నీళ్ళు దండగ! ఆ తర్వాత ఏ చావునూ నమ్మలేం. అందుకే ముగింపు ముందే నిర్ణయమైన, ఒకే సీజన్ సిరీస్ ఎంచుకోవాలి. రోజుకు ఒకటి, మించితే రెండు.

పుస్తకంలో సంగీతం లేదు, ముఖం లేదు. వాటిని పాఠకుడే సమకూర్చుకోవాలి. ఒకే కథ రెండు రూపాల్లో ఎలా పనిచేస్తుందో 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'లో చూడొచ్చు. అది యుద్ధకాలంలో దిక్కులేనివాళ్ళైన జపాన్ అన్నాచెల్లెళ్ళ కథ. అకియుకి నొసాకా 1967లో కథగా రాశాడు, ఇసావో తకహాతా 1988లో 89 నిమిషాల యానిమేషన్ సినిమా తీశాడు. అన్న చావు రెంటిలోనూ మొదట్లోనే తెలిసిపోతుంది. ముగింపు తెలిస్తే ఏడుపు రాదనేవాళ్ళకు ఇదే జవాబు. సినిమాలో చెల్లెలి గొంతు వినగానే కరిగిపోతాం. కథ చదివేటప్పుడు కళ్ళు తడవకపోవచ్చు గానీ, రెండు రోజుల తర్వాత ఓ వాక్యం గుర్తొచ్చి చేతిలో పని ఆగుతుంది. నవలైతే చివరి 40, 50 పేజీలు అట్టే పెట్టుకుని, ఒంటరిగా ఒకే బిగిన చదవండి. బస్సులో ముక్కలుగా చదివితే ఆ పట్టు రాదు. ఆడియో పుస్తకమైతే ముందు నమూనా వినాలి. చదివేవాళ్ళే ఏడ్చేస్తుంటే మనకు ఏడుపు రాదు.

వేళ కూడా చూసుకోవాలి. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో 60 మందికి విషాద చిత్రాలు చూపిస్తే, ఏడ్చినవాళ్ళ మనసు సినిమా అయిన వెంటనే ఇంకా కుంగింది. 20 నిమిషాలకు మామూలైంది, 90 నిమిషాలకు సినిమాకు ముందుకంటే తేలికపడింది. కాబట్టి సినిమా అయిపోగానే పడుకోవాల్సి వచ్చేలా పెట్టుకోవద్దు, కనీసం గంటన్నర మిగలాలి.

ఈమధ్యే అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళకు మాత్రం సినిమా వద్దు, పుస్తకమే ఇవ్వండి. భరించలేనిచోట వేలు పెట్టి మూసేయొచ్చు, మళ్ళీ నెలకు తెరిచినా అక్కడే ఉంటుంది.