లేయర్ 3 స్విచ్ అని బిల్లు వేసి వైఫై రౌటర్ బిగిస్తున్నారు: డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

ఆఫీసు కంప్యూటర్లు 192.168.1.0 నెట్‌వర్క్‌లో, సర్వర్ 192.168.10.0లో ఉన్నాయనుకోండి. రెండింటినీ కలిపిపెడతామని వచ్చేవాళ్లలో కొందరి పని చూసి ఈ హెచ్చరిక. కొటేషన్‌లో ‘లేయర్ 3 స్విచ్, కాన్ఫిగరేషన్‌తో సహా’ అని ఉంటుంది. అంటే రెండు నెట్‌వర్క్‌ల మధ్య డేటాకి దారి చూపే, అంటే రౌటింగ్ చేసే స్విచ్. ర్యాక్‌లోకి వచ్చేది మాత్రం ఇళ్లల్లో వాడే వైఫై రౌటర్, లేదా రౌటింగే చేయలేని లేయర్ 2 స్విచ్. వచ్చినాయన ఒక కంప్యూటర్ ముందు కూర్చుని సర్వర్‌కి పింగ్ (అవతలిది జవాబిస్తోందో లేదో చూసే కమాండ్) కొట్టి ‘రిప్లై వస్తోంది చూడండి సార్’ అంటాడు. ట్యాలీ కూడా తెరుచుకుంటుంది. చెక్కు పుచ్చుకుని వెళ్లిపోతాడు. మర్నాడు మెషిన్లు ఆన్ చేశాక మొదలవుతుంది అసలు గొడవ.

ముందు వైఫై రౌటర్ సంగతి. దాని వ్యాన్ పోర్టు (మామూలుగా ఇంటర్నెట్ వైరు పెట్టేది) సర్వర్ వైపు, ల్యాన్ పోర్టులు (కంప్యూటర్లు పెట్టేవి) ఆఫీసు వైపు పెడతారు. ఆ పెట్టె చేసేది నాట్, అంటే లోపలి ఐపీ అడ్రస్‌లన్నిటినీ తన ఒక్క ఐపీ వెనక దాచడం. ఆఫీసులో 20 కంప్యూటర్లున్నా సర్వర్‌కి అన్నీ ఒకే ఐపీగా కనిపిస్తాయి. ఆఫీసు వైపు నుంచి మొదలయ్యే కనెక్షన్లు బ్రహ్మాండంగా నడుస్తాయి, డెమోలో చూపించేది అవే. సర్వర్ వైపు నుంచి మొదలయ్యేవి వ్యాన్ పోర్టు దగ్గరే ఆగిపోతాయి. సర్వర్‌లోని హాజరు సాఫ్ట్‌వేర్ ఆఫీసు గుమ్మం దగ్గరున్న వేలిముద్ర మెషిన్‌ని, చాలా మోడళ్లలో 4370 పోర్టు మీద, పలకరించి పంచింగులు తెచ్చుకోవాలి. అది దొరకదు. సర్వర్ నుంచి ఆఫీసు ప్రింటర్‌కి ప్రింటూ వెళ్లదు. ఫలానా ఎంట్రీ ఏ కంప్యూటర్ నుంచి పడిందో ఐపీని బట్టి పట్టుకుందామన్నా లాగ్‌లో ఉండేది ఒక్క ఐపీనే.

దీన్ని పట్టుకోవడం రెండు నిమిషాల పని. మూడు కంప్యూటర్ల నుంచి సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరిచి ఉంచండి. సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌స్టాట్ మైనస్ ఎన్’ (netstat -n) కొట్టండి. లోకల్ అడ్రస్ చివర 445 (షేర్డ్ ఫోల్డర్ వాడే పోర్టు) ఉన్న వరుసల్లో ఫారిన్ అడ్రస్ కింద 192.168.1తో మొదలయ్యే మూడు వేర్వేరు ఐపీలు కనపడాలి. మూడూ 192.168.10.50 లాంటి ఒకే అడ్రస్‌గా ఉంటే మధ్యలో నాట్ కూర్చుందన్నమాట. కొన్ని రౌటర్లలో నాట్ ఆపేయవచ్చు. ఆపి, రెండు వైపులా రూట్లు రాసి, ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే అది సిసలైన రౌటరే. కానీ పోర్టుల వేగం చూడండి. చవక రకాల్లో అది 100 ఎంబీపీఎస్సే, అంటే సెకనుకు 12 మెగాబైట్లు కూడా దాటదు. 10 జీబీ బ్యాకప్‌కి పావుగంట పడుతుంది. గిగాబిట్ మీద, డిస్కులు అందుకుంటే, రెండు నిమిషాల లోపే.

ఇక స్విచ్. వీల్యాన్ (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా చేసే సదుపాయం) ఉంది కాబట్టి లేయర్ 3 అని నమ్మబలుకుతారు. వీల్యాన్ విడదీస్తుంది, కలపదు. కలపాలంటే ప్రతి వీల్యాన్‌కీ స్విచ్‌లో ఒక ఐపీ, వాటి మధ్య రౌటింగ్ ఉండాలి. మోడల్ నంబరుతో డేటాషీట్ తీసి ‘స్టాటిక్ రౌటింగ్’, ‘వీల్యాన్ ఇంటర్‌ఫేస్’ అన్న మాటల కోసం వెతకండి. లేకపోతే వెనక్కి పంపేయండి. ‘ఎల్2 ప్లస్’ అని రాసి ఉన్న వాటిలో చాలావరకు కొద్దిపాటి స్టాటిక్ రూట్లకు వీలుంటుంది, చిన్న ఆఫీసుకు అది చాలు. పెద్దదే కొనమని నేను చెప్పను.

సరిగ్గా చేస్తే ఇలా ఉండాలి. స్విచ్‌కి ఆఫీసు వీల్యాన్‌లో 192.168.1.2, సర్వర్ వీల్యాన్‌లో 192.168.10.1. కంప్యూటర్ల గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌కి పోయే ద్వారం) 192.168.1.2, సర్వర్ గేట్‌వే 192.168.10.1. ఇంటర్నెట్ రౌటర్ 192.168.1.1 అయితే స్విచ్ డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాయనివన్నీ పోయే దారి) దానికి పోవాలి. ఆ రౌటర్‌లో కూడా 192.168.10.0 కోసం 192.168.1.2కి వెళ్లమని ఒక రూట్ రాయాలి. ఈ ఆఖరిది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అప్పుడు సర్వర్ నుంచి బయటికి పోయిన ప్యాకెట్‌కి తిరిగొచ్చే దారి ఉండదు, అప్‌డేట్లు, లైసెన్సు చెకింగు ఆగిపోతాయి.

అడ్డదారులు మూడు కనిపిస్తుంటాయి. ఒకటి, కంప్యూటర్‌లో దారి రాసే ‘రూట్ యాడ్’ (route add) కమాండ్‌ని ‘మైనస్ పి’ (-p) లేకుండా కొట్టడం. ఆ రూట్ రీస్టార్ట్‌తో పోతుంది, పై చెప్పిన మర్నాటి గొడవకి మూలం చాలాసార్లు ఇదే. రెండోది, సర్వర్‌కి రెండో ల్యాన్ కార్డు వేసి రెండింటికీ గేట్‌వే ఇవ్వడం. విండోస్ మెట్రిక్ (దారికి ఉండే ప్రాధాన్య సంఖ్య) తక్కువున్న దాన్నే పట్టుకుంటుంది, జవాబులు తప్పు దారిన పోతాయి. గేట్‌వే ఒక్క కార్డుకే ఉండాలి. మూడోది, అందరికీ సబ్‌నెట్ మాస్క్ (తన నెట్‌వర్క్ ఎంతవరకో చెప్పే సంఖ్య) 255.255.0.0 చేసేయడం. వైర్లు ఒకే స్విచ్‌లో ఉంటే పని నడిచిపోతుంది. కానీ రేపు బ్రాంచికి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు ఆఫీసులను కలిపే దారి) పెట్టి అక్కడ 192.168.20.0 ఇస్తే, కంప్యూటర్లు దాన్ని పక్కనున్నదే అనుకుని గేట్‌వేకి పంపవు. బ్రాంచి కనపడదు.

ఒక విషయంలో మాత్రం అమ్మినవాడిని తిట్టకండి. రౌటింగ్ అంతా సరిగ్గా ఉన్నా డొమైన్‌లో (కంపెనీ కంప్యూటర్లన్నిటినీ ఒకచోట నుంచి నడిపే ఏర్పాటులో) లేని విండోస్ సర్వర్ వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చే పింగ్‌కి, షేర్డ్ ఫోల్డర్‌కి జవాబివ్వకపోవచ్చు. ఫైర్‌వాల్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రూల్స్ స్కోప్ (ఏ అడ్రస్‌లను అనుమతించాలో) ‘లోకల్ సబ్‌నెట్’, అంటే తన సొంత నెట్‌వర్క్ వరకే ఉండటం దానికి కారణం. ఆ స్కోప్‌లో 192.168.1.0/24 చేర్చాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. అలాగే నెట్‌వర్క్ ఐకాన్‌లో సర్వర్ పేరు కనపడకపోవడం సహజం, ఆ వెతుకులాట రౌటర్ దాటదు. ఐపీతో తెరవండి, లేదా డీఎన్ఎస్‌లో (పేరుని బట్టి ఐపీ చెప్పే సర్వీసులో) పేరు పెట్టించండి.

డబ్బు ఇచ్చే ముందు స్విచ్, సర్వర్, రెండు కంప్యూటర్లు అన్నీ ఆపి మళ్లీ ఆన్ చేయించండి. స్విచ్‌లో సేవ్ నొక్కకుండా వెళ్లినవాళ్లు అక్కడే దొరికిపోతారు. ఆ తర్వాత కంప్యూటర్ నుంచి సర్వర్‌కి ‘ట్రేసర్ట్’ (tracert, దారిలో తగిలే పెట్టెల్ని చూపే కమాండ్) కొడితే ముందు 192.168.1.2, తర్వాత సర్వర్ రావాలి. సర్వర్ నుంచి ఆఫీసు ప్రింటర్‌కి కూడా పింగ్ కొట్టించండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు మీద ‘నెట్‌వర్క్ స్విచ్ 1’ అని కాకుండా పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించండి. స్విచ్ అడ్మిన్ పాస్‌వర్డ్, కాన్ఫిగ్ ఫైలు కాపీ కూడా అదే రోజు తీసుకోండి. తర్వాత అడిగితే దానికి మళ్లీ విజిట్ ఛార్జీ అంటారు.