చామంతి టీ: రెండున్నరేళ్లు తాగినాక చెబుతున్నా

మాది ఆదోని. పత్తి మిల్లులో లెక్కలు రాస్తా. అక్టోబరులో యార్డుకు పత్తి దిగడం మొదలైందంటే సంక్రాంతి దాకా ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అన్నం తిని, ఒక స్ట్రాంగ్ టీ తాగి పడుకుంటే తూకం చీటీలే కళ్ల ముందు ఆడేవి. రెండు గంటలైనా నిద్ర పట్టేది కాదు. ఆ టీ బదులు ఇది తాగి చూడమని మా బామ్మర్ది ఒక డబ్బా తెచ్చిచ్చినాడు.

మా అమ్మ చూసి, "దేవునికి పెట్టే పూలు ఉడకబెట్టుకుని తాగుతావేమిరా?" అనింది. నిజానికి ఇవి మన పూలంగట్ల చామంతులు కావు. అదే కుటుంబంలో చమోమైల్ అనే వేరే మొక్క. తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొడిపె. వాసన కొంచెం మాగిన ఆపిల్‌ను గుర్తు చేస్తుంది. రుచి మాత్రం మొదటి వారం ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లే అనిపించింది.

నిద్ర సంగతి. పడుకోగానే నిద్ర పట్టేస్తుందని ఆశపడొద్దు. నాకు తేడా తెలియడానికి మూడు వారాలు పట్టింది. అందులో సగం పేరు మానేసిన స్ట్రాంగ్ టీకే ఇవ్వాల, దీంట్లో కెఫీన్ లేదు కదా. ఎపిజెనిన్ అనే పదార్థం మెదడును కాస్త నెమ్మదింపజేస్తుందంటారు. ఆందోళన తగ్గడంలో కొంత ఫలితం కనబడిందని పరిశోధనలు చెబుతున్నా, నిద్రలేమికి గట్టి రుజువు లేదు. నా అనుభవమూ అంతే. గుండె దడ తగ్గింది, లెక్క తేలని రోజు మాత్రం ఏ పువ్వూ నిద్రపుచ్చలేదు.

కడుపు విషయంలో మాత్రం మెచ్చుకోవాల్సిందే. బజ్జీలు, మిరపకారం తిన్న రాత్రి వచ్చే ఉబ్బరం చాలావరకు సర్దుకునింది.

పాలు పోయొద్దు, పూలను మరగబెట్టొద్దు. మరిగిన నీళ్లు గ్లాసెడు, ఎండు పూలు రెండు చెంచాలు వేసి పది నిమిషాలు మూత పెట్టాల. మూత లేకుంటే వాసననిచ్చే నూనె ఆవిరితో పోతుంది. పడుకునే ముందు తాగితే రాత్రి రెండుసార్లు లేవాల్సి వచ్చింది, అందుకే సీజన్ లేని రోజుల్లో ఎనిమిదిన్నరకే తాగేస్తున్నా. ఒకసారి చవక అని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కాడలు, పొడి తప్ప పువ్వు కనబడలేదు. పూలు పూలుగా ఉన్నదే కొనండి.

ఇంట్లో అందరికీ పొయ్యొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతా. అమ్మకు గుండె వాల్వు ఆపరేషన్ అయినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర నడుస్తోంది. డాక్టరును అడిగితే వద్దే వద్దన్నాడు, ఆ మాత్ర పని పెరిగి రక్తస్రావం కావచ్చంట. మా ఆవిడకు వయ్యారిభామ పూత గాలి తగిలితేనే తుమ్ములు, దద్దుర్లు. ఆ కలుపూ చామంతి కుటుంబమే అని నాకు అప్పుడు తెలీదు. రెండు గుక్కలకే పెదవులు దురద పెట్టినాయి, గ్లాసు పక్కన పెట్టేసింది. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దాంతోపాటు తాగొద్దు, ఒంటికి ఇనుము పట్టడం తగ్గుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో తాగేది నేనొక్కణ్ణే. ఎండాకాలం డబ్బా మూత బిగించకుంటే నెలకే వాసన పోతోంది, అందుకే వంద గ్రాములకు మించి తేవడం మానేసినా.