పిల్లలతో విశాఖ వెళ్ళి 21 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చాం

విశాఖ నేవీ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగుకి, పేరు ఇచ్చిన రోజు రాత్రే హోటల్ గది కూడా బుక్ చేశాను. ప్రాక్టీసు ఎలా, సెలవులు ఎలా అన్నవి ఆ తర్వాతే ఆలోచించాను. అంతకుముందు రెండుసార్లు తగిలిన దెబ్బలు అలాంటివి.

మేముండేది తార్నాకలో. నాది బ్యాంకు ఉద్యోగం. పాప నాలుగో తరగతి, బాబు ఎల్కేజీ. మా ఆయనకి షిఫ్టులు. అత్తయ్య మాతోనే ఉంటారు కానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, బాబు వెనక పరుగెత్తలేరు. కాబట్టి నేను పరుగుకి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో ఇంకొకరు నా పని మోస్తున్నట్టే. ఈ లెక్క తెలిసిన తల్లిదండ్రుల కోసమే ఇది రాస్తున్నాను. ఏ ఊరి పరుగు ఎంచుకోవాలి, ఎక్కడ దిగాలి, పిల్లల్ని ఏం చెయ్యాలి అన్నవి మాకు కిలోమీటర్ల కంటే పెద్ద ప్రశ్నలు.

నా మొదటి హాఫ్ హైదరాబాద్ మారథాన్. సొంత ఊరే కదా, ప్రయాణం లేదు, గది ఖర్చు లేదు అనుకున్నాను. తీరా చూస్తే సొంత ఊరు కావడమే ఇబ్బంది అయింది. శనివారం రాత్రి పదకొండింటికి కూడా నేను యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను. పాపకి సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలట, థర్మకోల్ కావాలట. మూడు గంటల నిద్రతో నెక్లెస్ రోడ్డుకి వెళ్ళాను. ఆగస్టు ఉక్కపోత, ఒకదాని తర్వాత ఒకటి ఫ్లైఓవర్లు. పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటి హమ్మయ్య అనుకునేలోపే జూబ్లీహిల్స్ ఎత్తు మొదలవుతుంది. పైగా అక్కడ హాఫ్ మొదలైన చోట ముగియదు. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో అయిపోతుంది. మా ఆయన ఇద్దరు పిల్లల్నీ లేపి, తయారు చేసి, మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి, అక్కడ ఆటో దొరక్క నడిచి స్టేడియం చేరేసరికి నేను పరుగు ముగించి నలభై నిమిషాలైంది. 2 గంటల 58 నిమిషాలు పట్టింది నాకు. మెడల్ వేసుకుని ఒక్కదాన్నే మెట్ల మీద కూర్చుని అరటిపండు తిన్నాను. మారథాన్ ఏర్పాట్లలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నీళ్ళు, వాలంటీర్లు, ట్రాఫిక్ ఆపడం అన్నీ బాగా చేశారు. కానీ చిన్నపిల్లలున్న తల్లికి అది తేలికైన పరుగని చెప్పలేను.

అదే ఏడాది చలికాలంలో విశాఖలో 10 కిలోమీటర్ల పరుగుకి వెళ్ళాం. తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో 2014లో మొదలైన పరుగు ఇది. 42, 21, 10, 5 కిలోమీటర్లు ఉంటాయి. పరుగు బీచ్ రోడ్డు మీదే, వెళ్ళి వెనక్కి రావడమే. అప్పుడు నేను చేసిన తప్పు గది రుషికొండలో తీసుకోవడం. సముద్రం ఎదురుగా బాల్కనీ, పిల్లలకి ఇసుక, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన శుభ్రమైన బీచ్. మామూలు విహారానికైతే కళ్ళు మూసుకుని అక్కడే దిగమంటాను. కానీ రుషికొండ నుంచి పరుగు మొదలయ్యే ఆర్కే బీచ్‌కి వచ్చే ఆ రోడ్డే పరుగు దారి! తెల్లవారుజామున ఆటో దొరికినా అడ్డదారిలో తిప్పి తీసుకువెళ్ళాడు. నేను స్టార్ట్ దగ్గరికి చేరడానికి పది నిమిషాలు మాత్రమే మిగిలింది, ఆ టెన్షన్‌కే సగం ఓపిక పోయింది. పిల్లలు అసలు రాలేకపోయారు. నేను తిరిగి గదికి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. బాబు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

అందుకే ఈసారి ముందు గది. విశాఖలో మూడు చోట్లు చూశాను. స్టేషన్, డాబాగార్డెన్స్ వైపు గదులు చవక. టిఫిన్ సెంటర్లు, మందుల షాపులు అన్నీ అందుబాటులో ఉంటాయి. కానీ బీచ్‌కి నాలుగైదు కిలోమీటర్లు. ఒంటరిగా వచ్చేవాళ్ళకి అది చాలు. రుషికొండ సంగతి చెప్పాను. మూడోది బీచ్ రోడ్డు వెనక ఉన్న పాండురంగాపురం. రేటు ఎక్కువ, గది చిన్నది, కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ. రోజుకి 3,800 రూపాయలు తీసుకున్నారు, స్టేషన్ దగ్గరి గదికి దాదాపు రెండింతలు. అయినా అక్కడి నుంచి బీచ్‌కి నడక ఎనిమిది నిమిషాలు. పిల్లలు నిద్ర లేచాక మెల్లగా నడిచి వచ్చెయ్యొచ్చు. ఆ ఎనిమిది నిమిషాల నడక కోసమే డబ్బు కట్టాను, మళ్ళీ వెళ్తే మళ్ళీ కడతాను.

ప్రాక్టీసు పద్నాలుగు వారాలు. ఉస్మానియా క్యాంపస్ మాకు దగ్గర కావడం నా అదృష్టం. ఐదింటికి వెళ్తే చెట్ల కింద చల్లగా ఉంటుంది, ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు ఉంటారు కాబట్టి ఆడవాళ్ళకి భయం ఉండదు. వారానికి మూడు రోజులు. మంగళ, గురువారాల్లో ఐదారు కిలోమీటర్లు, ఆదివారం లాంగ్ రన్. 8తో మొదలుపెట్టి వారానికి కొంచెం కొంచెం పెంచి 18 దాకా వెళ్ళాను. కాగితం మీద పద్నాలుగు వారాలే కానీ బాబు జ్వరంతో ఒక వారం, ఆడిట్‌తో ఇంకో వారం పోయాయి. పోయిన పరుగుల్ని తర్వాతి వారంలో కలిపి పూర్తి చేద్దామని ఒకసారి ప్రయత్నిస్తే పిక్క పట్టేసింది. పోయింది పోయినట్టే వదిలెయ్యండి. ఇంకో మాట, ఆదివారం లాంగ్ రన్ అయ్యాక ఇంటికి వచ్చి పడుకుంటే ఇంట్లో వాళ్ళకి అది భారం. నేను శనివారం రాత్రే ఆదివారం వంటకి కూరలు తరిగి పెట్టుకునేదాన్ని. మా ఆయన కూడా నెలకి ఒక ఆదివారం పూర్తిగా తనకి కావాలన్నాడు, ఇచ్చాను. ఇలాంటి ఒప్పందం లేకుండా హాఫ్‌కి దిగవద్దు.

రైలు విషయంలోనూ పోయిన ఏడాది నుంచి నేర్చుకున్నాం. అప్పుడు వందేభారత్‌లో వెళ్ళాం. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి ఎక్కితే రాత్రి పదకొండున్నర ప్రాంతంలో దిగుతాం. బండి బాగుంటుంది, పిల్లలకి సంబరం. కానీ ఎనిమిదిన్నర గంటలు కూర్చునే ఉండాలి. దిగే సమయానికి ఇద్దరూ గాఢ నిద్ర, భుజాల మీద మోసుకుని ఆటో వెతుక్కోవాలి. ఈసారి శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. తొమ్మిదికల్లా అందరం పడుకున్నాం. తెల్లవారుజామున విశాఖలో దిగాం. గది మధ్యాహ్నం పన్నెండింటికి కదా ఇచ్చేది, ముందే ఫోన్ చేసి సగం రోజు అద్దె అదనంగా కడతామని చెప్పి పొద్దున్నే తీసుకున్నాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

శనివారం బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ) తెచ్చుకోవడానికి పొద్దున తెరవగానే వెళ్ళాను, ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. సాయంత్రం వెళ్ళినవాళ్ళు చాలాసేపు నిలబడాల్సి వచ్చిందని లిఫ్టులో ఒకాయన చెప్పారు. ముందురోజు గంటల తరబడి నిలబడితే కాళ్ళు పోతాయి. ఆ రోజు కైలాసగిరి తీసుకెళ్ళమని పాప అడిగింది. రోప్‌వే, చిన్న రైలు ఉన్నాయని దానికి తెలుసు. నేను గదిలో పడుకుని వాళ్ళ ముగ్గుర్నీ పంపించాను. మొదట్లో అలా పంపడం తప్పుగా అనిపించింది కానీ వాళ్ళు సాయంత్రం ముంతమసాలా పొట్లాలతో నవ్వుకుంటూ వచ్చాక ఆ బెంగ పోయింది. రాత్రి ఏడింటికే నాకు అన్నం, పప్పు, కొంచెం నెయ్యి. విశాఖ వచ్చి చేపల వేపుడు తినకుండా ఉండటం కష్టమే, అది ఆదివారం మధ్యాహ్నానికి దాచుకున్నాను.

హోటల్ వాళ్ళు నాలుగింటికి ఇడ్లీ పొట్లం కట్టి ఇస్తామని శనివారం రెండుసార్లు మాట ఇచ్చారు. నాలుగింటికి కిందకి వెళ్తే రిసెప్షన్‌లో అబ్బాయి సోఫాలో నిద్ర. లేపితే వంటగది తాళం తన దగ్గర లేదన్నాడు. పాపం ఆ పిల్లాడిని ఏమని అంటాం, చెప్పాల్సినవాళ్ళు అతనికి చెప్పలేదు. నా సంచిలో రెండు అరటిపళ్ళు, బ్రెడ్డు, వేరుశనగ చిక్కీ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు రాత్రే బాటిల్‌లో కలిపి పెట్టుకున్నాను. హోటల్ టిఫిన్‌ని నమ్ముకుని పరుగుకి వెళ్ళవద్దు, ఎంత మంచి హోటల్ అయినా సరే.

ఇక పరుగు. చీకట్లో మొదలైంది. కుడి చేతివైపు సముద్రం వినిపిస్తుందే తప్ప కనిపించదు. ఒడ్డున మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామి దాటి, పెదవాల్తేరు జాలరిపేట దాటి, అప్పూఘర్ వైపు వెళ్తుంటే తూర్పున ఆకాశం ఎర్రబడింది. పడవలు ఒడ్డుకి చేరుతున్నాయి, గంపలు పట్టుకుని ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ నన్ను చూసి "ఎల్లమ్మా ఎల్లు, ఆగకు" అంది. ఆ గొంతు దాదాపు కిలోమీటరు దాకా నాతో వచ్చింది.

తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి అంచున రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు నౌక ఒకటి కొట్టుకొచ్చి ఒడ్డెక్కింది ఇక్కడే. వెళ్ళేటప్పుడు ఈ ఎత్తు పెద్దగా తెలియదు. అవతల జోడుగుళ్ళపాలెం వైపు పల్లం, గాలి, సాగర్‌నగర్, అంతా హాయిగా పోతుంది. ఇక్కడే చాలామంది వేగం పెంచేస్తారు. నేను గడియారం చూసుకుని కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలకి తక్కువ కాకుండా పట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు పదహారో కిలోమీటరు ప్రాంతంలో అదే పల్లం మనకి ఎత్తై ఎదురొస్తుంది. అప్పటికి ఎండ ఎడమ చెంప మీద కొడుతోంది, నీడ లేదు, ఉప్పు గాలికి చెమట ఆరదు. నేను ఆ ఎత్తంతా నడిచాను. నడవాలని హైదరాబాద్‌లోనే నిర్ణయించుకున్నాను కాబట్టి ఓడిపోయినట్టు అనిపించలేదు. పైకి చేరాక మళ్ళీ పరుగు. నీళ్ళ స్టాళ్ళు తరచుగానే ఉన్నాయి, ప్రతి చోటా రెండు గుక్కలు తాగి తల మీద కొంచెం పోసుకున్నాను. విశాఖ చలికాలం అంటే మన హైదరాబాద్ చలికాలం అనుకోకండి, ఎనిమిది దాటితే ఉక్కపోతే.

చివరి కిలోమీటరులో జనం మధ్య ముందు కనిపించింది మా ఆయన భుజాల మీద ఉన్న బాబు. పాప ఫుట్‌పాత్ మీద నా పక్కనే కొంత దూరం పరుగెత్తింది, చెప్పులతో. "అమ్మా, నీ బిబ్ నలిగిపోయింది" అంది. దానికి అదే కనిపించింది. 2 గంటల 41 నిమిషాలు. వాళ్ళు ఆరున్నరకి లేచి, పాలు తాగి, నడిచి వచ్చి, ఇసుకలో ఆడుకుని, నేను వచ్చే వేళకి రోడ్డు పక్కకి చేరుకున్నారు. ఆటో లేదు, ఏడుపు లేదు.

పదింటికల్లా గదికి వెళ్ళి స్నానం చేసి గంట నిద్రపోయాను. మధ్యాహ్నం చేపల భోజనం. తర్వాత పిల్లల్ని కురుసుర లోపలికి తీసుకెళ్ళాం. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన 91 మీటర్ల జలాంతర్గామి. లోపల దారి ఇరుకు. గుండ్రటి తలుపుల్లోంచి కాలు ఎత్తి, ఒంగి దాటాలి. హాఫ్ పరుగెత్తిన తొడలతో ఒక్కో తలుపూ దాటడం నరకం. శనివారమే చూసెయ్యాల్సింది. సోమవారం ఆ మ్యూజియానికి సెలవు కాబట్టి ఆ రోజుకి పెట్టుకోవద్దు. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని నీళ్ళలోకి మాత్రం దించలేదు, అక్కడ లోతు, లాగుడు ఎక్కువ.

సాయంత్రం మళ్ళీ గోదావరి. రెండు లోయర్, రెండు అప్పర్ బెర్తులు వచ్చాయి. పిల్లలు కింద పడుకుంటే నేను పైకి ఎక్కాల్సి వచ్చింది, ఆ నిచ్చెన దగ్గర మా ఆయన కింద నుంచి తోస్తే కానీ ఎక్కలేకపోయాను. మళ్ళీసారి నలుగురికీ బుక్ చేసేటప్పుడు పరుగెత్తేవాళ్ళకి లోయర్ బెర్తు అడుగుతాను, సోమవారం సెలవు కూడా ముందే పెడతాను. తెల్లవారకముందే సికింద్రాబాద్‌లో దిగి, ఇంటికి వచ్చి, బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టాను. ఎనిమిదింటికి స్కూల్ వ్యాన్. పాప నా మెడల్ బ్యాగులో పెట్టుకుంది, టీచరుకి చూపించి మధ్యాహ్నం తెచ్చి ఇస్తానంది.