పెద్ద డాక్టర్లు ఏ బల్ల దగ్గర కూర్చుంటే మేలు?

మా అన్నయ్య కూతురు విజయనగరంలో గైనకాలజిస్టు. పండక్కి వచ్చినప్పుడు వంటింట్లో నా పక్కన పీట వాల్చుకుని అడిగింది: "అత్తా, నేనూ మా సీనియర్లు ఇద్దరూ నెలకు రెండు రోజులు ఉచితంగా ఇద్దామనుకుంటున్నాం. ఆడవాళ్ల ఆరోగ్యం మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే పనికి. రాష్ట్ర కమిటీలోకి వెళ్లమంటావా, ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో కూర్చోమంటావా, లేకపోతే జిల్లాలో మాతృ మరణాల సమీక్షకు వెళ్లమంటావా? ఏది మేలు?"

నేను ఊళ్లు తిరిగే నర్సుగా, అంటే ఏఎన్‌ఎంగా చేరి పబ్లిక్ హెల్త్ నర్సుగా రిటైరయ్యాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మూడింటికీ కావలసిన కాగితాలు నా చేత్తో నింపాను. ఆ రోజు పొయ్యి మీద పులుసు మాడిపోతుందన్న హడావుడిలో దానికి చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఇలా సాయం చేద్దామనుకుని ఎటు వెళ్లాలో తెలియక ఆగిపోయిన మంచి డాక్టర్లు చాలామంది నాకు తెలుసు.

ముందు రాష్ట్ర కమిటీ. దాన్ని నేను తక్కువ చేయను. ఏ మందు కొనాలి, ఏ పరీక్ష ఉచితంగా చేయాలి, ఏ ఆపరేషన్‌కు డబ్బు కట్టాలి అన్నవి జిల్లాలో తేలే విషయాలు కావు. గర్భసంచి ఆపరేషన్ల సంగతే చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ముప్పై అయిదు దాటకుండానే "సంచి తీయించేశానమ్మా, పీడా పోయింది" అని చెప్పినవాళ్లను ఎంతమందిని చూశానో. తెల్లబట్ట అవుతోందని వెళ్తే కేన్సర్ అవుతుందని భయపెట్టి బల్ల ఎక్కించినవాళ్లు ఉన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఒంట్లో వేడి ఆవిర్లు, నడుం నొప్పి, కూలికి వెళ్లలేక ఇంట్లో మాటలు పడటం. ఈ అన్యాయం మీద రాజస్థాన్‌కు చెందిన ప్రజారోగ్య వైద్యుడు డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. పై స్థాయిలో ఒక డాక్టరు పట్టు పడితే ఎంత పనవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా నా మనసు అటు మొగ్గదు. సీతంపేట కొండ మీద ఒక గర్భిణి చనిపోతే, ఆ పిల్ల సంగతి ఆ కమిటీ గదికి చేరేసరికి "గిరిజన ప్రాంతం, రక్తహీనత, 1" అయిపోతుంది. ఆ ఒకటి వెనక ఏముందో అక్కడ కూర్చున్నవాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బీపీ ఉన్న గర్భిణి వస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అడగాలని కవిటి, సోంపేటల్లో పనిచేసిన డాక్టరుకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు కాబట్టి. రాష్ట్రం మొత్తానికి ఒకే కాగితం రాసేవాళ్లకు ఆ మాట ఎవరో ఒకరు చెప్పాల్సిందే. కాన్పు తేదీకి ముందే కొండల మీది గర్భిణుల్ని కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాన్ని 2018లో సాలూరులో పెట్టింది పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ). డోలీలో, దారి మధ్యలో కాన్పులు అవుతున్నాయని దగ్గర నుంచి చూసినవాళ్లకు తట్టిన ఆలోచన అది.

ఇక తొమ్మిదో తారీఖు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016లో మొదలైంది. ప్రతి నెలా 9న, నాలుగో నెల దాటిన గర్భిణులందరినీ ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు చూడాలి. ప్రైవేటు డాక్టర్లు కూడా ఆ ఒక్క రోజు ఉచితంగా వచ్చి చూడొచ్చని మొదటి నుంచీ పిలుపు ఉంది. ప్రమాదం ఉన్నవాళ్ల కార్డు మీద ఎర్ర స్టిక్కరు, లేనివాళ్లకు ఆకుపచ్చ.

ఒక 9న మా పీహెచ్‌సీకి ఒక ప్రైవేటు డాక్టరమ్మ వచ్చారు. అరవై మందికి పైగా గర్భిణులు, ఒక్క ఫ్యాను, వరండా నిండా చెప్పులు. బీపీ, బరువు, కడుపు చూడటం అయ్యాక ప్రతి పిల్లనూ ఆవిడ ఒకే మాట అడిగారు: "మాత్రలు ఎలా వేసుకుంటున్నావు, చేసి చూపించు." జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు ఒలిచే పిల్ల ఒకతి, వేళ్లన్నీ జీడి పాలకు నల్లబడి ఉన్నాయి, చీర కొంగు ముడి విప్పి ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ కలిపి అరచేతిలో పోసుకుంది. "పనికెళ్లే ముందు టీ తాగి రెండూ మింగేస్తానమ్మా" అంది. కాల్షియంతో కలిస్తే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. పైగా టీ. ఆరు నెలలుగా ఆ పిల్ల శ్రద్ధగా మాత్రలు మింగుతూనే ఉంది, రక్తం మాత్రం పెరగలేదు. మేం రెండు రకాల మాత్రలూ ఒకే కవర్‌లో పెట్టి ఇస్తున్నాం. ఆ తప్పు నా కళ్ల ముందే ఏళ్ల తరబడి జరిగింది, నాకు తట్టలేదు. మర్నాటి నుంచి మా సెంటర్లన్నింటిలో వేరు వేరు కవర్లు. కాల్షియం అన్నం తిన్నాక మధ్యాహ్నం, ఐరన్ రాత్రి పడుకునే ముందు. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లే అని సర్వేలు చెబుతున్న చోట అది చిన్న మార్పు కాదు.

ఇంత మేలు కళ్లారా చూశాను కాబట్టి 9వ తారీఖును మొదటి స్థానంలో పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ మార్పు మా పీహెచ్‌సీ గేటు దాటలేదు. పక్క మండలంలో అదే కవరు, అదే టీ. డాక్టరమ్మ చూసిన దాన్ని రాసి పైకి పంపే దారి ఆ రోజు పనిలో ఎక్కడా లేదు. ఇంకో భయం కూడా ఉంది. ఉచితంగా ఒకరు వస్తున్నారు కదా అని ఖాళీగా ఉన్న స్పెషలిస్టు పోస్టు నింపడం వాయిదా పడకూడదు. వచ్చే డాక్టర్లు ఆ పోస్టు సంగతి మొదటి రోజే అడగాలి, ప్రతి నెలా అడగాలి.

మూడోది సమీక్ష. గర్భిణి కానీ బాలింత కానీ చనిపోతే ఆశా కార్యకర్త 24 గంటల్లోగా చెప్పాలి. ఊళ్లో ఇంటివాళ్లను అడిగి ఒక ఫారం నింపుతారు, ఆసుపత్రిలో ఇంకొకటి. రెండూ జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కమిటీకి వెళ్తాయి, ఆపైన కలెక్టర్ దగ్గర సమీక్ష. అక్కడికి చనిపోయిన మనిషి తాలూకు ఇద్దరిని పిలవాలని నిబంధన ఉంది. తప్పెవరిదని శిక్షించడానికి కాదు, మళ్లీ జరగకుండా చూడటానికని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. నిజానికి చాలా సమీక్షలు "ఇంటివారు ఆలస్యంగా తీసుకువచ్చారు" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోవడం నేను చూశాను.

ఒక సమీక్ష మాత్రం అలా ముగియలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల, రెండో కాన్పు, మాయ పడ్డాక రక్తం ఆగలేదు. భర్త చెన్నైలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, అత్తగారు వచ్చింది. ఫైలులో "ఆలస్యం: కుటుంబం" అని రాసి ఉంది. ఆ మాట చదివి వినిపించగానే అత్తగారు కుర్చీలోంచి లేచింది. "ఆలీసం మాది కాదు తల్లీ. మద్దేనం రెండుకే బండెక్కించినాం. మూడు చోట్ల దింపినాం, మూడు చోట్ల ఎక్కించినాం."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు రిటైరైన ఒక గైనకాలజీ ప్రొఫెసరు తనంతట తానుగా వచ్చి కూర్చున్నారు. ఆయన ఆ పిల్ల తల్లీబిడ్డల కార్డు అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి తోసి, కార్డును మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివారు. హిమోగ్లోబిన్ గడిలో నాలుగో నెల 9.8, ఆరో నెల 9.8, ఎనిమిదో నెల 9.8. "మూడుసార్లూ ఒకటే అంకె ఎలా వస్తుందమ్మా?" అని మెల్లగా అడిగారు. రక్తం పరీక్ష స్ట్రిప్పులు అయిపోయాయి, పాత అంకే రాశాం అని ఏఎన్‌ఎం ఏడ్చేసింది. ఆయన ఆ ఏఎన్‌ఎంను ఒక్క మాట అనలేదు. స్ట్రిప్పులు ఎన్ని నెలలుగా రాలేదని స్టోర్స్ చూసే ఆయనను అడిగారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: రక్తం గ్రూపు మొదటి చోట చూశారా, మూడో చోట చూశారా? మూడో చోట. ముందుగా ఫోన్ ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు.

రక్తం తక్కువ ఉన్న మనిషికి కాన్పులో ఆగకుండా పోయే రక్తం గంటా రెండు గంటల్లో ప్రాణం తీసేయగలదు. బేగి తీసుకురాలేదని ఇంటివాళ్లను అన్నాం. బేగి పంపాల్సిన మేం మూడు చోట్ల ఆపాం. ఆ సమీక్ష తర్వాత రిఫర్ చీటీ మీద రక్తం గ్రూపు రాయకుండా, వెళ్లే ఆసుపత్రికి ఫోన్ చేయకుండా బండి కదలకూడదని మా దగ్గర నియమం వచ్చింది. అది విధానం కాదా? ఏ జీవో లేకుండా పది రోజుల్లో వచ్చిన విధానం.

ఈ దారిని కేరళ డాక్టర్లు 2004 నుంచీ పట్టుకున్నారు. అక్కడి ప్రసూతి వైద్యుల సమాఖ్య తనంతట తాను పూనుకుని, పేర్లూ ఆసుపత్రి గుర్తులూ తీసేసిన ఫైళ్లను సీనియర్లతో చదివించడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో 1952 నుంచి నడుస్తున్న పద్ధతి అది. ఫైళ్లు చదివి చదివి రక్తస్రావం, బీపీ ఈ రెండే ఎక్కువమందిని తీసుకెళ్తున్నాయని తేల్చి, వాటికి ప్రమాణాలు రాసి ప్రభుత్వంతో కలిసి ఆసుపత్రుల్లో పెట్టారు. కేరళలో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 2004-06లో 95, 2018-20లో 19. మన రాష్ట్రంలో 2018-20లో 45. ఆ తగ్గుదలంతా ఒక్క సమీక్ష వల్లే అనను, అక్కడి చదువు, రోడ్లు, ఆసుపత్రులు వేరు. కానీ పై స్థాయి విధానం ఫైలు చదివినవాళ్ల చేత రాయించారు చూడండి, నాకు నచ్చింది అదీ.

కాబట్టి నా ఓటు జిల్లా సమీక్షకే. ఒక షరతు మీద. విజయనగరం ఫైళ్లు శ్రీకాకుళం డాక్టర్లు చదవాలి, శ్రీకాకుళానివి విజయనగరం వాళ్లు. ఒకే ఊళ్లో నర్సింగ్ హోమ్ నడుపుకునే డాక్టరు పక్క వీధి డాక్టరు తప్పును ఎలా చెబుతాడు? రేపు వాళ్ల పేషెంటునే ఈయన చూడాలి. పేర్లు కొట్టేసి ఇస్తే ఆ మొహమాటం ఉండదు. 2022లో సీతంపేట, పాలకొండ శ్రీకాకుళం నుంచి కొత్త పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాక ఇది మరీ అవసరమైంది. పిల్లది ఒక జిల్లా, చనిపోయింది ఇంకో జిల్లాలో. ఊరి ఫారం ఒక ఆఫీసులో, ఆసుపత్రి ఫారం ఇంకో ఆఫీసులో ఉండిపోతే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఉండాలి కదా. గర్భసంచి ఆపరేషన్ల మీద జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉండాలని 2022 మార్గదర్శకాల్లో ఉంది. ఆ ఫైళ్లూ ఈ పద్ధతిలోనే చదవొచ్చు.

ఇదంతా విని మా అన్నయ్య కూతురు, "నెలకు రెండు రోజులే కదా అత్తా మా దగ్గర ఉన్నవి" అంది. ఒకటి తొమ్మిదో తారీఖుకు, రెండోది సమీక్షకు ఇవ్వమన్నాను. పీహెచ్‌సీ వరండాలో ఎన్నడూ కూర్చుని చూడని డాక్టరుకు ఫైలులో 9.8 మూడుసార్లు ఉంటే అనుమానం రాదు. రాష్ట్ర కమిటీకి రెండేళ్ల తర్వాత వెళ్లు, అప్పటికి నీ దగ్గర చెప్పడానికి యాభై ఫైళ్లయినా ఉంటాయన్నాను.

"అయితే కార్డు ఎలా చదవాలో చూపించడానికి నువ్వూ రావాలి" అంది. వచ్చే తొమ్మిదిన పొద్దున్న ఏడున్నర బస్సుకు ఇద్దరం బయల్దేరుతున్నాం.