నల్లగొండలో రాస్ పరీక్ష: నమూనా ఇచ్చిన కేంద్రం గురించి

మా అమ్మకు పెద్దపేగు ఎడమవైపు క్యాన్సర్. ఆపరేషన్ అయ్యేనాటికే కాలేయానికి పాకింది. పేగుల నుంచి రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది, అందుకే ఎక్కువ మందిలో మొదట అక్కడికే పాకుతుందని డాక్టరు చెప్పారు. కీమోతో పాటు సెటుక్సిమాబ్ అనే మందు ఇవ్వాలా వద్దా తేల్చడానికి రాస్ పరీక్ష రాశారు. కణితిలో కేరాస్, ఎన్‌రాస్ అనే జన్యువులు మారాయేమో చూసే పరీక్ష అది. నమూనాను హైదరాబాద్ పంపే కేంద్రం నల్లగొండలోనే దొరకడం మాకు పెద్ద ఊరట.

అక్కడి అబ్బాయిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చిన, కణితి ముక్కను పొదిగిన మైనం బ్లాక్‌ను వెలుతురులో పట్టుకుని, దాని అంచు మీది నంబరును బయాప్సీ కాగితంతో రెండుసార్లు సరిచూశాడు. మే నెల ఎండ. "మైనం మెత్తబడుతుంది అన్నా" అంటూ దూది చుట్టి, ఐస్ ప్యాకుతో పెట్టెలో సర్దాడు. అమ్మ భయపడుతుంటే స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"కణం మీద ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం ఉంటుందమ్మా. పెరగమనే సంకేతం దానికి తగిలితే లోపల కేరాస్ పని మొదలవుతుంది. ఈ మందు ఆ గ్రాహకాన్ని మూసేస్తుంది. కేరాస్ జన్యువు మారి ఉంటే మాత్రం బటన్ ఇరుక్కుపోయిన బోరు స్టార్టరు లాంటిదే. ఎవరూ నొక్కకపోయినా మోటారు ఆగదు." మా బోరు రెండుసార్లు కాలింది కాబట్టి అమ్మకు వెంటనే అర్థమైంది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 40 శాతంలో కేరాస్ ఇలా మారి ఉంటుంది. అలాంటివారికి ఈ మందు ఇస్తే ఖర్చు, ఒంటి మీద మొటిమల్లాంటి దద్దుర్లు తప్ప ఫలితం ఉండదు.

ఆలస్యం మాత్రం క్షమించలేను. ఏడు రోజులన్నారు, పదమూడో రోజుకు రిపోర్టు వచ్చింది. మధ్యలో ఒక్క ఫోను లేదు. పాకిన క్యాన్సర్‌తో ఉన్న మనిషికి ఆరు రోజులంటే ఎంతో ఆ సంస్థ పెద్దలకు తెలియాలి. రిపోర్టు కూడా పూర్తిగా ఇంగ్లీషులోనే. చివర తెలుగులో ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

కేరాస్, ఎన్‌రాస్ రెండింటిలోనూ మార్పు లేదని తేలింది. కణితి ఎడమవైపే కాబట్టి మందు బాగా పనిచేసే అవకాశం ఉందని డాక్టరు మొదలుపెట్టారు. రెండో వారానికి అమ్మ ముఖం మీద దద్దుర్లు లేచాయి, ఈ మందుతో తగ్గే వీలుంది కాబట్టి రక్తంలో మెగ్నీషియం కూడా చూస్తున్నారు.

వెళ్లేవాళ్లు మిగిలిన బ్లాక్‌ను తప్పకుండా అడిగి తీసుకోండి. మాకు అడిగాకే ఇచ్చారు. రేపు బీరాఫ్ లాంటి మరో జన్యు పరీక్ష రాస్తే అదే పనికొస్తుంది.