టార్చ్‌లైటుకు డిమ్: వెనక మూతలో ఒక్క రెసిస్టర్, మూడేళ్ల వాడకం

జేబులో పట్టే టార్చ్‌లైట్లలో చాలావాటికి వెలుగు ఒకటే. నొక్కితే కళ్లు చెదిరేలా ఫుల్, మళ్లీ నొక్కితే చీకటి. కరెంటు పోయినప్పుడు మంచినీళ్ల చెంబు వెతుక్కోవడానికో, నిద్రపోతున్న పిల్లలు లేవకుండా బీరువా తీయడానికో అంత వెలుగు అక్కర్లేదు, మూడు నాలుగు ల్యూమెన్లు చాలు. ఒకే 18650 సెల్లుతో (రీఛార్జ్ చేసుకునే లిథియం అయాన్ సెల్లు) నడిచే సింగిల్ మోడ్ టార్చ్‌కు ఈ డిమ్‌ను వెనక మూతలో ఒక్క రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) వేసి తెచ్చుకోవచ్చు. అలా చేసిన టార్చ్ మూడేళ్లుగా రోజూ వాడకంలో ఉంది. రూపాయో రెండో పెట్టి కొన్న రెసిస్టర్ ఇచ్చే వెలుగు, కంపెనీలు పెట్టి ఇచ్చే చాలా లో మోడ్‌ల కంటే బాగుంది.

పనిచేసే తీరు ఇది. సెల్లు మైనస్ కొన వెనక మూతలోని స్ప్రింగును తాకుతుంది. అక్కడి నుంచి కరెంటు స్విచ్ గుండా చిన్న బోర్డు అంచుకు, ఆ అంచు నుంచి బిగింపు రింగు మీదుగా టార్చ్ బాడీకి చేరుతుంది. స్ప్రింగు ప్యాడ్‌కూ బోర్డు అంచుకూ మధ్య రెసిస్టర్ అతికిస్తే, స్విచ్ ఆపినా సన్నని దారి ఒకటి మిగిలి ఉంటుంది. అదే డిమ్. స్విచ్ నొక్కితే కరెంటు సులువైన దారినే పోతుంది కాబట్టి ఫుల్ వెలుగు యథాప్రకారం వస్తుంది, రవ్వంత కూడా తగ్గదు. మొత్తానికి ఆర్పాలంటే మాత్రం వెనక మూతను పావు చుట్టు వదులు చేయాలి.

ఈ పావు చుట్టు సంగతి ముందే చూసుకోవాలి. మూత మరలకు అనోడైజింగ్ పూత (కరెంటును పారనివ్వని పూత) ఉంటేనే వదులు చేయగానే కరెంటు తెగుతుంది. టార్చ్ వెలిగించి మూత కొంచెం తిప్పండి. వెంటనే ఆరిపోతే పనికొస్తుంది. రెండు మూడు చుట్లు తిప్పినా వెలుగుతూనే ఉంటే మరలకు పూత లేదన్నమాట. దానికి ఈ రెసిస్టర్ వేస్తే ఆర్పే దారే ఉండదు.

విలువ ఎంచుకోవడానికి సోల్డరింగ్ ఐరన్ వేడి చేయనక్కర్లేదు. మూత తీసేసి, మామూలు కాళ్ల రెసిస్టర్ ఒక కాలు సెల్లు మైనస్‌కు, రెండో కాలు బాడీ గొట్టం అంచున పూత లేని లోహానికి ఆనించండి. ఎంత వెలుగు వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. 47, 100, 220, 470 ఓంలవి తలా ఒకటి తెచ్చుకుని చీకటి గదిలో ఒక్కొక్కటీ ఆనించి చూస్తే చాలు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. తక్కువ కరెంటులో తెల్ల ఎల్‌ఈడీ సుమారు 2.6 వోల్టులు తీసుకుంటుంది. నిండా ఛార్జ్ అయిన సెల్లు 4.2 వోల్టులు. మిగిలిన 1.6 వోల్టులను ఓంలతో భాగిస్తే కరెంటు తేలుతుంది: 47 ఓంలకు 34 మిల్లీఆంపియర్లు, 100కు 16, 220కి 7, 470కి మూడు పైచిలుకు. పుస్తకం చదవాలంటే 47 హాయిగా ఉంటుంది. అర్ధరాత్రి నిద్ర కళ్లకు 220 కూడా ఎక్కువే అనిపిస్తుంది. వెలుగులో రెంటికీ మధ్య రాజీగా 100 సరిపోయింది, మూడేళ్లలో మార్చాల్సిన అవసరం రాలేదు. రెసిస్టర్‌లో కరిగే వేడి 47 ఓంల దగ్గర కూడా 0.06 వాట్లు దాటదు, పావు వాటుది చాలు.

అతికించడానికి కాళ్లున్న రెసిస్టర్ వద్దు, 1206 సైజు ఎస్‌ఎండీ (కాళ్లు లేని, నేరుగా బోర్డు మీద అతికే రకం) తీసుకోండి. 3.2 మిల్లీమీటర్ల పొడవు, 1.6 వెడల్పు, బోర్డుకు అంటుకుపోయి కూర్చుంటుంది. మొదట కాళ్ల రకమే వేసి చూశాను. టార్చ్ రెండు మూడుసార్లు కింద పడేసరికి అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చి డిమ్ మిణుకుమిణుకుమంది. ఎస్‌ఎండీ కొనేటప్పుడు దాని మీది అంకెలతో జాగ్రత్త. 470 అని ఉంటే అది 47 ఓంలు, 471 అని ఉంటే 470 ఓంలు. చివరి అంకె సున్నాల లెక్క. 100 ఓంలకు 101 అని ఉంటుంది.

బిగింపు రింగుకు రెండు గాట్లుంటాయి. నోస్ ప్లయర్ మొనలు అందులో పెట్టి విప్పితే బోర్డు, స్విచ్, రబ్బరు బటన్ బయటికొస్తాయి. స్ప్రింగు ప్యాడ్ పక్కన, బోర్డు అంచు లోపలి వైపున పచ్చని పూతను బ్లేడుతో గీకి రాగి మెరిసేలా చేయండి. రెండు చోట్లా కొద్దిగా సోల్డర్ పట్టించి, ట్వీజర్‌తో రెసిస్టర్‌ను ఆనించి, ఒక్కో కొనకు 25 వాట్ల ఐరన్ రెండు మూడు సెకన్లు తగిలిస్తే అయిపోయింది. అంతకు మించి ఉంచితే స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి లోపలి పత్తీ ఒరిగిపోతుంది, ఆ తర్వాత ఫుల్ వెలుగు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. స్ప్రింగును కూడా ఎక్కువసేపు కాల్చొద్దు, బిగువు పోతుంది. రెసిస్టర్ అంచు మరీ బయటికి జరిగితే రింగు బిగించేటప్పుడు దాన్ని ఒరుసుకుని పెళ్లగిస్తుంది. కాబట్టి లోపలికే పెట్టాలి. మూయకముందే, స్విచ్ ఆఫ్‌లో ఉంచి స్ప్రింగుకూ అంచుకూ మధ్య మల్టీమీటర్ పెడితే 100 ఓంలు చూపాలి. సున్నా చూపిస్తే సోల్డర్ పాకి రెండు ప్యాడ్‌లూ కలిసిపోయాయి.

వాడకంలో బాగా నచ్చింది వెలుగు నిలకడ. చవక టార్చ్‌ల లో మోడ్ ఎల్‌ఈడీని సెకనుకు కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గిస్తుంది. కుళాయి ధార మీద వేస్తే నీళ్లు పూసలు పూసలుగా విడిపోయినట్టు కనిపిస్తాయి. రెసిస్టర్ డిమ్‌లో ఆ అదురు ఉండదు, ధార ధారలాగే ఉంటుంది. సెల్లు దిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, 3.6 వోల్టుల దగ్గర కరెంటు 10 మిల్లీఆంపియర్లే. అయినా రోజుల తరబడి మెల్లగా తగ్గుతుంది కనుక కంటికి తెలియదు. రంగు మాత్రం ఫుల్‌తో పోలిస్తే కాస్త పసుపు పచ్చగా ఉంటుంది. 3000 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లు ఆగకుండా 10 రోజుల పైనే వెలుగుతుంది. తుపాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోయినా గదిలో దీపంలా నిలబెట్టుకోవచ్చు.

అన్ని టార్చ్‌లకూ ఇది కుదరదు. మోడ్‌లున్న టార్చ్‌లో వేస్తే పని చెడుతుంది. స్విచ్ సగం నొక్కి వదిలినప్పుడు కరెంటు తెగితేనే లోపలి చిప్ మోడ్ మారుస్తుంది, రెసిస్టర్ ఉంటే తెగదు. పైగా డిమ్‌లో చిప్‌కు అందేది రెండున్నర, మూడు వోల్టులే కాబట్టి సెల్లు అయిపోయిందనుకుని మిణుకుమంటుంది. వోల్టేజీ పెంచే సర్క్యూట్ ఉన్న ఒంటి పెన్సిల్ సెల్లు టార్చ్ అయితే అసలు వెలగదు. 1.5 వోల్టుల నుంచి 100 ఓంల గుండా ఆ సర్క్యూట్ లేవడానికి సరిపడా కరెంటు రాదు. మూడు సన్న సెల్లుల టార్చ్‌లలో నేరుగా ఎల్‌ఈడీకి వైరు వెళ్తుంటే బాగానే పనిచేస్తుంది. ఎల్‌ఈడీకి వెళ్లే కరెంటును అదుపు చేసే 7135 చిప్‌లున్న డ్రైవర్ సర్క్యూట్ అయితే ఒక్కో చిప్ తన కోసం సుమారు 200 మైక్రోఆంపియర్లు తింటుంది. ఎనిమిది చిప్‌లుంటే ఒకటిన్నర మిల్లీఆంపియర్లు దాటుతుంది. అలాంటి దానికి 470 ఓంలు వేస్తే వచ్చే కరెంటులో సగం చిప్‌లకే పోతుంది. 220 దాటి వెళ్లొద్దు.

డిమ్ నడవడానికి కాదు. పొలం గట్టు మీద, వాన చినుకుల్లో పామును ముందుగా చూడాలంటే ఫుల్ వెలుగే కావాలి. బటన్ ఒక్క నొక్కు దూరంలోనే ఉంది కదా.

బ్యాగులో పెట్టేముందు మూత వదులు చేయడం అలవాటు చేసుకోండి. మర్చిపోతే డిమ్ బ్యాగులోనే వారం పది రోజులు వెలుగుతుంది. సెల్లు 2.6 వోల్టుల దగ్గరికి దిగేసరికి ఎల్‌ఈడీ దాదాపు ఆరిపోతుంది గానీ డ్రైవర్ చిప్‌లు తాగుతూనే ఉంటాయి. వారాల తరబడి అలా పడి ఉన్న సెల్లును మీటర్ పెట్టి చూడకుండా ఛార్జర్‌లో పెట్టొద్దు. రెండు వోల్టుల కిందకి దిగి ఉంటే పక్కన పడేసి కొత్తది కొనుక్కోండి.