గ్రేట్ ప్లేస్ టు వర్క్ దరఖాస్తుకు సలహా సంస్థ సాయం: మా కర్మాగారం అనుభవం

పాశమైలారం పారిశ్రామికవాడలోని మా ప్యాకేజింగ్ కర్మాగారానికి గ్రేట్ ప్లేస్ టు వర్క్ ధ్రువీకరణ (ఇది పనిచేయడానికి మంచి చోటని ఆ పేరుగల సంస్థ ఇచ్చే గుర్తింపు) తెచ్చుకోవాలని యాజమాన్యం నిర్ణయించినప్పుడు, దరఖాస్తు తయారీ కోసం హైదరాబాద్‌లోని ఒక సలహా సంస్థను పెట్టుకున్నాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ పని వారికి అప్పగించవచ్చో, ఏ పని మనమే చేసుకోవాలో తెలిస్తే, ఇదే ఆలోచనలో ఉన్న ఇతర హెచ్‌ఆర్ విభాగాలకు డబ్బూ సమయమూ కలిసివస్తాయి.

ఈ ధ్రువీకరణలో ప్రధానంగా రెండు భాగాలున్నాయి. మొదటిది ట్రస్ట్ ఇండెక్స్ అనే ఉద్యోగుల సర్వే. విశ్వసనీయత, గౌరవం, నిష్పక్షపాతం, గర్వం, సహచర భావం అనే ఐదు కోణాల్లో అడిగే దాదాపు 60 వాక్యాలకు ఉద్యోగులు తమ పేరు బయటపడకుండా జవాబిస్తారు. మన దేశంలో ధ్రువీకరణ రావాలంటే ఇందులో కనీసం 70 శాతం సానుకూలత ఉండాలి. వచ్చిన గుర్తింపు ఏడాదిపాటు చెల్లుతుంది. రెండోది కల్చర్ ఆడిట్. మనుషులను ఎలా తీసుకుంటాం, వారి మాట ఎలా వింటాం, ఎలా ఎదగనిస్తాం, లాభాన్ని ఎలా పంచుకుంటాం వంటి విషయాలను యాజమాన్యం రాతపూర్వకంగా వివరించాలి. సర్వేలో సలహాదారుల పాత్ర ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా. వారు నిజంగా చేయగలిగింది రెండో భాగానికి సాయపడటమే.

ఆ సాయంలో మొదటి సగం నాకు ఎంతో నచ్చింది. మా విభాగాలన్నీ కలిసి పంపిన సంక్షేమ చర్యల జాబితాలో పీఎఫ్, గ్రాట్యుటీ, 26 వారాల ప్రసూతి సెలవు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ అన్నీ ఉన్నాయి. వచ్చిన సలహాదారు ఆ జాబితాను ముందు పెట్టుకుని, వాటన్నిటినీ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగిందని, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది తప్పనిసరి అయిందని, పది మంది పనిచేసే చోటైనా 2013 చట్టం ప్రకారం కమిటీ ఉండాల్సిందేనని గుర్తుచేసి, చట్టం చేయమన్నది చేయడాన్ని గొప్పగా చెప్పుకోవద్దని నచ్చజెప్పారు. ఆ మాట అక్షరాలా నిజం. జాబితాలో మిగిలినవి చాలా తక్కువ. కానీ ఆ తక్కువే మాది. ఇక కార్మికుల పిల్లల చదువుకు ఇచ్చే వడ్డీ లేని అప్పు, ఆపరేటర్‌గా చేరినవారిని డిప్లొమా చదివించి లైన్ ఇన్‌ఛార్జి చేసే పద్ధతి, ఇవి రెండూ మాకు అలవాటైపోయి జాబితాలో రాయాలన్న ఆలోచనే రాలేదు. వాటిని బయటికి లాగింది ఆయనే.

రెండో షిఫ్టు భోజన విరామంలో క్యాంటీన్‌లో కూర్చుని కార్మికులతో మాట్లాడటం కూడా వారి సేవలో భాగమే. ‘మీ సూపర్‌వైజర్ మీరు చెప్పింది వింటారా?’ అని అడిగితే, ప్రింటింగ్ లైన్‌లో పనిచేసే ఒకాయన ‘వింటారు సార్, రాసుకోరు’ అన్నారు. ఆ ఒక్క జవాబుతో ప్రతి లైన్ దగ్గరా ఒక రిజిస్టర్ పెట్టాం. చెప్పిన సమస్య, చెప్పిన తేదీ, తీర్చిన తేదీ, తీర్చినవారి సంతకం అందులో ఉంటాయి. దరఖాస్తుతో సంబంధం లేకుండా చూసినా, వారికిచ్చిన ఫీజుకు ఇదొక్కటే సరిపోతుందని నా అభిప్రాయం.

రాత దగ్గరికి వచ్చేసరికి వారి సేవ బాగా పలచబడింది. మాకిచ్చిన ముసాయిదాలో ‘ప్రతి ఉద్యోగీ మా కుటుంబ సభ్యుడే’ అనే వాక్యం పేజీ పేజీకీ కనిపించింది. ఒకచోట మా ఉద్యోగులు వారాంతపు హ్యాకథాన్‌లలో, అంటే ప్రోగ్రామింగ్ పోటీల్లో, ఉత్సాహంగా పాల్గొంటారని ఉంది. అట్టపెట్టెలు చేసే కర్మాగారంలో హ్యాకథాన్ ఎక్కడిది? ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ దరఖాస్తులోని పేరా మా దాంట్లోకి వచ్చి చేరింది. అంతకన్నా బాధ కలిగించిన విషయం ఏమిటంటే, క్యాంటీన్‌లో అంత శ్రద్ధగా విన్న మాటల్లో ఒక్కటీ ఆ ముసాయిదాలో లేదు. విన్నవారు వేరు, రాసినవారు వేరు. చివరకు మా స్టోర్స్ విభాగంలో తెలుగులో చక్కగా రాయగల ఒకావిడ చేత ఒక్కో పద్ధతి ఎప్పుడు, ఎందుకు, ఎవరి కోసం మొదలైందో రాయించి, దాన్నే ఇంగ్లీషులోకి మార్పించి సమర్పించాం.

సర్వేకు ముందు ఉద్యోగులకు ‘అవగాహన తరగతి’ పెడతామన్న వారి ప్రతిపాదనను మేము ఒప్పుకోలేదు. సర్వే ఎందుకు, పేరు ఎలా గోప్యంగా ఉంటుంది, ఏ భాషలో జవాబివ్వవచ్చు అన్నంతవరకు చెప్పడం న్యాయమే. మా దగ్గర ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు కాబట్టి అది అవసరం కూడా. ఆ గీత దాటి, ఏ వాక్యానికి ఎలాంటి జవాబు ఇస్తే కంపెనీకి మేలో చెబితే, ఉద్యోగి నోరు తెరవగలిగిన ఒకే ఒక్క చోటును మనమే మూసేసినట్టు అవుతుంది. అటువంటి మాట ఎవరు తెచ్చినా అక్కడితో ఆపించాలి.

ఫీజు రెండు విడతల్లో తీసుకున్నారు, 18 శాతం జీఎస్టీ అదనం. ధ్రువీకరణ సంస్థకు కట్టే రుసుము దీనితో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. గుర్తింపు వస్తే అదనంగా ‘సక్సెస్ ఫీజు’ ఇవ్వాలనే నిబంధనను ఒప్పందంలోంచి తీయించాం. ఫలితానికి ధర కడితే జవాబులు నేర్పించాలన్న తొందర దానంతటదే వస్తుంది.

మాకు ధ్రువీకరణ వచ్చింది. నివేదికలో నిష్పక్షపాతం కోణం, ముఖ్యంగా పదోన్నతుల విషయం, మిగతావాటికన్నా తక్కువగా ఉంది. దాన్ని ఎలా సరిదిద్దుకోవాలో చెప్పే పని వారి ఒప్పందంలో లేదు, ఒక ప్రజెంటేషన్ ఇచ్చి సెలవు తీసుకున్నారు. వచ్చే ఏడాది ఆధారాల సేకరణ, క్యాంటీన్ సంభాషణల వరకే వారిని పిలిచి, రాత మా చేతిలోనే ఉంచుకోవాలని, మిగిలే డబ్బును పదోన్నతుల పద్ధతిని సరిచేయగల నిపుణులకు ఇవ్వాలని యాజమాన్యానికి రాసి ఇచ్చాను.